పూత చూసి కొన్న తోట

తిరువూరు బస్టాండుకు కూతవేటు దూరంలో, చెప్పుల కొట్టు పక్క మెట్లెక్కితే ఒక రక్త పరీక్షల కలెక్షన్ సెంటర్. ఒక కుర్చీ, ఒక చిన్న ఫ్రిజ్, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్, దాని కింద కంపెనీవాళ్లు పంపిన రంగుల కరపత్రాల దొంతర. పొద్దున్న ఆరున్నరకే పరగడుపున వచ్చి కూర్చున్న మామిడి వ్యాపారి ఒకాయన, టీ తాగే వీలు లేదు కాబట్టి ఆ కరపత్రం తిరగేశాడు. అట్ట మీద కేన్సర్‌ని ముందే పసిగడతామన్న మాట. లోపల 'మా సారథులు' అని ఒక పేజీ. ఆరు ఫొటోలు. ఆరుగురూ చేతులు కట్టుకుని, కాస్త పక్కకి తిరిగి, ఒకే రకంగా నవ్వుతున్నారు. ఒకరు బ్యాంకు నుంచి, ఒకరు టెలికాం నుంచి, ఒకరు సబ్బుల కంపెనీ నుంచి, ఒకరు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చారు. ఇంకొకరు రిటైరైన ఐఏఎస్. ఆరో ఆయన ఎక్కణ్నించి వచ్చాడో రాయలేదు, 'విజనరీ' అని మాత్రం ఉంది.

"ఏరా అబ్బాయ్, వీళ్లలో రక్తం చూసేదెవరు?"

"సార్లంతా పెద్దోళ్లు బాబాయ్," అన్నాడు సిరంజి కవరు చింపుతున్న కుర్రాడు.

అడిగిన మనిషికి అలా అడిగే హక్కుంది. ఆయన వ్యాపారమే కనపడని దాన్ని కొనడం. తిరువూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, నూజివీడు వైపు మామిడి తోటలకి కాయ దిగాక బేరం కుదరడం తక్కువ. పూత మీదే కుదిరిపోతుంది. కొమ్మల నిండా పూత ఉంటుంది, రైతు నవ్వుతూ ఉంటాడు, వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. ఆపైన తేనెమంచు పురుగు దయ, ఈదురుగాలి దయ. అయితే ఏళ్ల తరబడి చేతులు కాల్చుకున్నవాడు తోటకి ఒంటరిగా వెళ్లడు. చెట్టెక్కి, కొమ్మ వంచి, పూగుత్తిని వేళ్లతో నలిపి చూసే మనిషిని వెంట తీసుకెళ్తాడు. ఆ మనిషికి ఫొటో ఉండదు, విజిటింగ్ కార్డు ఉండదు. 'పూత జిగురుగా ఉంది, వద్దు బాబాయ్' అన్నాడంటే మాత్రం బేరం అక్కడితో సరి.

అమెరికాలో థెరనోస్ అనే తోటని కొన్నవాళ్లు చెట్టెక్కేవాణ్ని వెంట తీసుకెళ్లలేదు.

ఎలిజబెత్ హోమ్స్ స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, 2003లో, పందొమ్మిదేళ్లకి ఆ కంపెనీ పెట్టింది. వేలికొన నుంచి నాలుగు చుక్కలు తీసి రెండొందల పైచిలుకు పరీక్షలు చేస్తామంది. ఇక డైరెక్టర్ల బోర్డు చూడాలి! జార్జ్ షుల్ట్జ్, హెన్రీ కిసింజర్: ఇద్దరూ మాజీ విదేశాంగ మంత్రులు, ఇద్దరూ తొంభై దాటినవాళ్లు. విలియం పెర్రీ మాజీ రక్షణ మంత్రి. గ్యారీ రఫ్‌హెడ్ నౌకాదళంలో అడ్మిరల్, జేమ్స్ మాటిస్ మెరైన్ జనరల్. శామ్ నన్ మాజీ సెనేటర్. ఆ బోర్డుతో క్యూబా మీద దండెత్తొచ్చు, చైనాతో సంధి చేసుకోవచ్చు, హిమోగ్లోబిన్ ఎంతుందో మాత్రం చెప్పలేరు. న్యాయంగా చెప్పాలంటే డాక్టర్లూ ఇద్దరున్నారు. బిల్ ఫ్రిస్ట్ గుండె మార్పిడి ఆపరేషన్లు చేసిన సర్జన్. విలియం ఫీగీ మన దేశంలో కూడా తిరిగి మశూచిని తరిమిన మహానుభావుల్లో ఒకరు. ఇద్దరూ మంచి వైద్యులే. రక్త పరీక్షల ల్యాబు నడపడం ఇద్దరి వృత్తీ కాదు.

కంపెనీలో రెండో పెద్ద రమేశ్ బల్వానీది సాఫ్ట్‌వేర్. అసలైన ల్యాబు డైరెక్టరు, పాథాలజీ చదివిన ఆడమ్ రోజెన్‌డార్ఫ్, లెక్కలు తేడా కొడుతున్నాయని చెప్పీ చెప్పీ విసిగి 2014లో వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టారంటే, బల్వానీకి చర్మం చూసే డాక్టర్ని. చర్మ వైద్యుడు ల్యాబు గడప తొక్కింది వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లని తర్వాత కోర్టులో తేలింది. వాళ్లు గొప్పగా చెప్పుకున్న ఎడిసన్ యంత్రం చేయగలిగింది డజను రకాల పరీక్షలు. మిగతావి బజార్లో దొరికే సీమెన్స్ లాంటి కంపెనీల యంత్రాల మీద గుట్టుగా నడిచాయి. ప్రొస్టేట్ కేన్సర్ అనుమానాన్ని పట్టే పీఎస్ఏ పరీక్ష చేయించుకున్న ఒకాయనకి అంకె ఒకసారి ఆకాశంలో, ఒకసారి నేల మీద వచ్చింది.

ఇంత జరుగుతున్నా కంపెనీ ఖరీదు 2014 నాటికి 900 కోట్ల డాలర్లు. పూత అంత బాగుంది మరి.

చివరికి చెట్టెక్కింది ఎవరు? ఎరికా చంగ్ అని ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి, టైలర్ షుల్ట్జ్ అని బయాలజీ చదివిన కుర్రాడు. ఈ టైలర్ సాక్షాత్తూ జార్జ్ షుల్ట్జ్ మనవడు. తాత దగ్గరికెళ్లి 'తాతయ్యా, ఆ పరీక్షలు తప్పు' అన్నాడు. పెద్దాయన మనవణ్ని నమ్మలేదు, హోమ్స్‌ని నమ్మాడు. లాయర్లకి నాలుగు లక్షల డాలర్ల పైన ఆ కుర్రాడి తల్లిదండ్రులు పోశారు. 2015 అక్టోబరులో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో జాన్ కారీరూ కథనం వచ్చింది, 2018కి కంపెనీ మూతపడింది, 2022లో హోమ్స్‌కి పదకొండేళ్ల మూడు నెలల శిక్ష, బల్వానీకి దాదాపు పదమూడేళ్లు. ఉభయ గోదావరి జిల్లాల్లో పెళ్లి సంబంధం చూసేవాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువ వాకబు చేస్తారు.

అలాగని తెల్లకోటు వేసుకున్నవాడే కంపెనీ నడపాలంటే అదీ కుదరదు. ఎగ్జాక్ట్ సైన్సెస్ కథే చూడండి. 2009లో ఆ కంపెనీ దాదాపు మునిగిపోయే స్థితిలో ఉండగా పగ్గాలు పట్టినాయన కెవిన్ కాన్రాయ్. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఆపైన లా. ఆయన చేతి మీదుగా 2014 ఆగస్టులో కోలోగార్డ్ అనే పరీక్షకి అమెరికా అనుమతి దొరికింది. అదేమిటంటే, ఇంటికి ఒక పెట్టె వస్తుంది. మనిషి పొద్దున చేసే పనేదో ఆ పెట్టెలోనే చేసి, మూత బిగించి, తిరిగి కొరియర్లో పంపాలి. పెద్దపేగు కేన్సర్ ఆనవాళ్లున్నాయేమో ల్యాబులో చూస్తారు. మన ఊళ్లో ఈ సేవ మొదలైతే కొరియర్ కుర్రాళ్ల యూనియన్ ఏమంటుందో ఊహించుకోవాల్సిందే. కానీ ఆ లాయరుగారి వెనక డేవిడ్ ఆల్‌క్విస్ట్ అనే మేయో క్లినిక్ జీర్ణకోశ వైద్యుడున్నాడు. మలంలో డీఎన్ఏ వెతకొచ్చని ఏళ్ల తరబడి తలబద్దలు కొట్టుకున్నది ఆయన. లాయరు పెట్టె అమ్మాడు, పెట్టెలో ఏముందో డాక్టరుకి తెలుసు. ఈ పొత్తు కుదిరింది.

రక్తంలో కేన్సర్‌ని వెతికే గ్రెయిల్ అనే కంపెనీకి 2016లో మొదటి అధిపతి జెఫ్ హ్యూబర్, గూగుల్లో ప్రకటనలు, మ్యాపుల పని చూసినాయన. దారి చూపించే మనిషికి కేన్సర్ దారి తెలుస్తుందా అని వెటకారం చేసేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అంతకు కొన్ని నెలల ముందే ఆయన భార్య పెద్దపేగు కేన్సర్‌తో చనిపోయింది. ఆ బాధకి డిగ్రీ సర్టిఫికెట్ అడిగే మొహం ఎవరికీ ఉండదు. గార్డెంట్ హెల్త్‌ని 2012లో పెట్టిన హెల్మీ ఎల్టూఖీ, అమీర్అలీ తలసాజ్ ఇద్దరూ ఎలక్ట్రికల్ ఇంజనీర్లే. వాళ్ల షీల్డ్ రక్త పరీక్షకి 2024 జులైలో అనుమతి వచ్చింది. పెద్దపేగు కేన్సర్ ఉన్నవాళ్లలో 83 శాతం మందిని అది పట్టింది. కేన్సర్‌గా మారబోయే పెద్ద కణుతుల దగ్గరికొచ్చేసరికి పట్టింది 13 శాతమే. కాయ పుచ్చితే చెబుతుంది, పిందెలో పురుగుంటే చాలాసార్లు చెప్పదన్నమాట. ఆ రెండు అంకెల్నీ వైద్య పత్రికలో పక్కపక్కనే అచ్చు వేశారు, దాచిపెట్టలేదు. కరపత్రాలు వేసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

మన దేశానికి వస్తే తమాషా ఇంకో రకం. బెంగళూరులో సింప్యూటర్ అనే చౌక కంప్యూటర్ తయారుచేసిన బృందంలోని కంప్యూటర్ శాస్త్రవేత్తలు విజయ్ చంద్రు, రమేశ్ హరిహరన్ వాళ్లు 2000లో స్ట్రాండ్ లైఫ్ సైన్సెస్ పెట్టారు. 2021లో దాన్ని రిలయన్స్ కొంది. 2024 డిసెంబరులో అక్కణ్నించి కేన్సర్‌స్పాట్ అనే రక్త పరీక్ష వచ్చింది. పెట్రోలు శుద్ధి చేసే ఇల్లు ఇప్పుడు రక్తంలో డీఎన్ఏ వెతుకుతోంది. రెండూ ద్రవాలేగా. థైరోకేర్ వేలుమణి అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వదిలి ల్యాబు పెట్టి, కేన్సర్ స్కానింగ్ ధరని కూడా దించి, చివరికి 2021లో మందులు యాప్‌లో అమ్మే ఫార్మ్‌ఈజీకి తన వాటా 4,546 కోట్లకి అమ్మేశాడు. మెట్రోపోలిస్ ల్యాబులు నడిపే అమీరా షా చదివింది ఫైనాన్స్. ఆమె తండ్రి పాథాలజిస్టు. ఆ ఇంట్లో చెట్టెక్కే మనిషి భోజనాల బల్ల దగ్గరే దొరికాడు.

తెలుగువాళ్లం ఈ విషయంలో తక్కువ తినలేదు. హెపటైటిస్-బి టీకా కాలేయ కేన్సర్‌కి దారితీసే వైరస్‌ని అడ్డుకుంటుంది. దాన్ని 1997లో దేశంలోనే తయారుచేసి ధర నేలకి దించిన శాంతా బయోటెక్నిక్స్ అధిపతి వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఆయన కరెంటు తీగలు తెలిసిన మనిషి. కణాల సంగతి తెలిసినవాళ్లని పోగుచేసి, వాళ్లని పని చేయనిచ్చాడు. ఇక తిరువూరు ఉన్నదే ఎన్టీఆర్ జిల్లాలో. ఆ పేరుగల నాయకుడి భార్య బసవతారకం కేన్సర్‌తో కన్నుమూశారు. ఆమె పేరిట 2000లో హైదరాబాద్‌లో ఆసుపత్రి వెలిసింది. దానికి చైర్మన్ నందమూరి బాలకృష్ణ. చైర్మన్‌గారి అనుభవం ఏ రంగంలోనో కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ఎవరికీ భయం లేకపోవడానికి కారణం, సినిమాలో కత్తి ఆయన పడతారు, ఆసుపత్రిలో కత్తి సర్జన్లు పడతారు. ఈ పని విభజన థెరనోస్‌లో జరిగుంటే అడ్మిరల్ పరువు దక్కేది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గనక ఇవాళ ఏదైనా కంపెనీకి దరఖాస్తు పెడితే 'సారథుల' పేజీలోకి రానిస్తారా? ఖద్దరు కోటు వేసుకున్నాడని మద్రాసులో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశాడు. ఆయన బృందం లెడర్లీ ల్యాబులో తయారుచేసిన మందులతోనే 1948 ప్రాంతంలో రక్త కేన్సర్ ఉన్న పిల్లలకి మొదటిసారి ఉపశమనం దొరికింది. 1948లోనే ఆయన పోయాడు. ఫొటోకి చేతులు కట్టుకుని నిలబడే అలవాటు ఆయనకి లేదు.

ఆరుగురు సారథుల పేజీకి సరైన జవాబు ముంబయి బస్తీల్లో ఉంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యుడు సురేంద్ర శాస్త్రి బృందం 1998లో ఒక పని మొదలుపెట్టింది. పదో తరగతి చదివిన ఆడవాళ్లని తీసుకుని నాలుగు వారాలు శిక్షణ ఇచ్చారు. చేతికి యంత్రం ఇవ్వలేదు, పలచన చేసిన వెనిగర్ ఇచ్చారు. దూదితో గర్భాశయ ముఖద్వారం మీద అద్ది, నిమిషం ఆగితే, అనుమానం ఉన్న చోట తెల్లగా పొడ కడుతుంది. అంతే పరీక్ష. లక్షన్నర మంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2013లో లెక్క తేల్చారు: ఆ కేన్సర్‌తో చావులు 31 శాతం తగ్గాయి. ఊరగాయ సీసా ఖరీదు చేయని ద్రావకం, పదో తరగతి పాసైన అమ్మాయి కలిసి చేసిన పని అది. షేరు మార్కెట్‌లో దానికి పేరు లేదు. తిరువూరు పక్క పల్లెల్లో ముప్పై దాటినవాళ్ల నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలకి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కూడా ఆ వరసలోవాళ్లే. వాళ్ల ఫొటో ఏ కరపత్రంలోనూ రాదు. గౌరవ వేతనం సకాలంలో వస్తే చాలంటారు.

కలెక్షన్ సెంటర్లో అప్పటికి ఇంకో ఇద్దరొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఎ.కొండూరు తండా నుంచి వచ్చిన ముసలాయన ఒకరు. కిడ్నీ జబ్బు ఊళ్లకి ఊళ్లనే పట్టుకున్న ప్రాంతం కాబట్టి అక్కడ క్రియాటినిన్ అనేది మన ఇళ్లలో ఉప్పు, పప్పు లాంటి మాట. కిందటిసారి ఎంతుందో, అంతకు ముందు ఎంతుందో ఆయన చీటీ చూడకుండా చెప్పాడు. కరపత్రం ఆయన వైపు చాస్తే, విసనకర్రలా విసురుకుని పక్కన పెట్టేశాడు.

"నువ్వేం చదివావురా?" అని మామిడి వ్యాపారి మళ్లీ మొదలుపెట్టాడు.

"డీఎంఎల్‌టీ బాబాయ్. రెండేళ్లు."

"మరి ఈ పేజీలో నీ ఫొటో లేదేం?"

"నేను కంపెనీ మనిషిని కాదు కదా. ఫ్రాంచైజీ వాళ్ల కింద." కుర్రాడు రబ్బరు పట్టీ మోచేతిపైన బిగించి కట్టాడు. "శాంపిల్ థర్మోకోల్ డబ్బాలో పెట్టి పదింటి బస్సుకి విజయవాడ పంపిస్తాను. అక్కడ మేడంగారు చూస్తారు, పాథాలజిస్టు. ఏమైనా తేడాగా ఉంటే ఆవిడే ఫోన్ చేసి మళ్లీ తియ్యమంటారు."

"ఆవిడ ఫొటో ఉందా ఇందులో?"

"లేదు బాబాయ్."

మామిడి వ్యాపారి కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. "ఆవిడ నంబరు రాసివ్వు."

"ఇస్తాను. ముందు పిడికిలి బిగించండి."