రెండు కొనండి, ఒకటి విరగ్గొట్టండి

రైస్ మిల్లులో ఎలివేటర్ బోల్టు విప్పుతుంటే 19 నంబరు పానా జారింది. హెల్పర్ కుర్రాడి పిడికిలి వెళ్ళి యాంగిల్ అంచుకు కొట్టుకుంది. మూడు కణుపుల మీద తోలు లేచిపోయింది. పానా కొని పట్టుమని పది రోజులు కాలేదు. అద్దంలా మెరుస్తోంది. కాడ మీద 'క్రోమ్ వెనేడియం' అన్న అక్షరాలు, ప్యాకెట్టు మీద ఒక యూరప్ దేశం జెండా. నోరు మాత్రం చేప నోరులా తెరుచుకుపోయింది.

దాన్ని కొన్నది నేనే. అందరూ చెప్పే మంచి సలహాలన్నీ పాటించే కొన్నాను. చేత్తో తూచి బరువుందనుకున్నాను, మెరుపు చూశాను, ఏ దేశం సరుకో అడిగాను, షాపాయన మాట నమ్మాను. ఆ కుర్రాడి చేతికి కట్టు కట్టించిన రోజు నుంచి ఆ సలహాలన్నీ తిరగేశాను. ఇప్పుడు నేను చెప్పేవి వింటే తప్పుడు సలహాలంటారు. ముప్ఫై ఏళ్ళ ఫిట్టరు పనిలో నాకు నిలబడినవి ఇవే.

మొదటిది. ఏ దేశం సరుకని అడగకండి. అడిగారంటే మీకేం కావాలో షాపాయనకు తెలిసిపోతుంది, అదే చెప్తాడు. 'జర్మన్ టెక్నాలజీ అండీ' అంటాడు. జర్మన్ టెక్నాలజీ అంటే జర్మనీలో తయారైందని కాదు.

అసలు ఇనుప సామానుకూ దేశం పేరుకూ ఉన్న సంబంధమే చిత్రమైనది. 19వ శతాబ్దంలో జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన చవక కత్తుల మీద ఇంగ్లాండులోని షెఫీల్డ్ ముద్ర వేసి అమ్మేవారు. షెఫీల్డ్ వాళ్ళు మొత్తుకున్నారు. 1887లో బ్రిటన్ మర్చండైజ్ మార్క్స్ చట్టం తెచ్చి, బ్రిటిష్ సరుకని భ్రమపెట్టే విదేశీ సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయమంది. 'మేడ్ ఇన్ జర్మనీ' అన్న ముద్ర అలా నాసిరకాన్ని పట్టివ్వడానికి మొదలైంది. తర్వాతి తరాలకు అదే ముద్ర నాణ్యతకు గుర్తయింది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి ఇంకా పాతది. అక్కడ మూసల్లో కాచి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఆ ఊరు చూసిన వోయిసీ అనే ఇంగ్లీషాయన రాశాడు. ఇలాంటి దక్కను ఉక్కును సాగగొట్టి చేసిన కత్తులను లోకం డమాస్కస్ కత్తులంది. ఉక్కు మన కమ్మరులది, పేరు సిరియా నగరానిది.

బ్రాండు పేరు కూడా ఒక చోట నిలవదు. వైస్ గ్రిప్ అని, బిగించి వదిలేస్తే తనంతట తానే పట్టుకుని ఉండే ప్లేయరుంది కదా, దాన్ని కనిపెట్టింది డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్ళిన పీటర్సన్ అనే కమ్మరి. నెబ్రాస్కా రాష్ట్రంలో డివిట్ అనే చిన్న ఊళ్ళో దశాబ్దాల పాటు అది తయారైంది. 2008లో ఆ ఫ్యాక్టరీ మూసి తయారీని చైనాకు తరలించారు. పేరు మారలేదు.

మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తూ 'మామయ్యా, ఇది అమెరికా సరుకు' అని ఒక పైపు రెంచి తెచ్చిచ్చాడు. కాడ అడుగున వెతికితే 'ఇండియా' అని ఉంది. ఆ దేశంలోకి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయాలన్నది అక్కడి చట్టం, అందుకని వేశారు. జలంధర్, లూధియానాల్లో చేసిన పానాలు, రెంచీలు విదేశీ షాపుల సొంత పేర్లతో అమ్ముడుపోతుంటాయి. హ్యాండ్ టూల్స్ కోసమే కేంద్ర ప్రభుత్వం 1983లో జలంధర్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. వాడు అంత దూరం మోసుకొచ్చిన రెంచి బాగానే ఉంది, దాని పళ్ళు పైపును కరిస్తే వదలవు. అయితే అది మన పంజాబులోనో చుట్టుపక్కలో పుట్టి సముద్రాలు దాటి తిరిగి ఇంటికొచ్చింది.

దేశం అడగొద్దన్నాను కానీ చిరునామా మాత్రం చూడండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద తయారీదారు, లేదా ప్యాక్ చేసినవాళ్ళు, లేదా దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. దిగుమతి సరుకైతే పుట్టిన దేశమూ ఉండాలి. జెండా బొమ్మ పెద్దదిగా ఉండి, చిరునామా లేదంటే ఆ సరుకును అక్కడే పెట్టేయండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే పైన ప్రమాణం అంకె, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు అంకె రెండూ ఉన్నాయో లేదో చూడాలి. ఓపెన్ పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029, కటింగ్ ప్లేయర్లకు ఐఎస్ 3650. లైసెన్సు అంకెను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో చెప్తుంది. చెడ్డదైనా బతికేది అడ్రసున్న సరుకే, ఎందుకంటే తిరిగిచ్చి అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

రెండో సలహా. మెరిసేది వదిలి నల్లది తీసుకోండి. మెరుపు అంటే నికెల్ మీద పలచటి క్రోమియం పూత. మంచి పానాలకూ వేస్తారు, తుప్పు పట్టకుండా ఉంటుంది, దాన్ని తప్పు పట్టను. కానీ చవక సరుకులో ఆ పూతకే సగం ఖర్చు పెట్టినట్టుంటారు, అది కింద ఉన్న గుంటల్నీ గ్రైండింగ్ గీతల్నీ కప్పేస్తుంది. నల్లగా, గరుకుగా ఉన్న పానాలో లోపం దాగదు. డై రెండు భాగాలు కలిసిన చోట వెడల్పాటి చారను గ్రైండ్ చేసిన జాడ కనిపిస్తే అది సాగగొట్టిన సరుకు. సన్నటి వెంట్రుకలాంటి గీత చుట్టూ తిరిగి ఉంటే పోతపోసింది కావచ్చు. పోతపోసిన పానా నాకొద్దు.

'క్రోమ్ వెనేడియం' అన్న అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఉక్కులో క్రోమియం నూటికి ఒక పాలు, వెనేడియం అందులో అయిదో వంతు కూడా ఉండకపోవచ్చు. అంత కొంచెం కలిపినా ఉక్కు మంచిదే. కానీ దాన్ని సుమారు 850 డిగ్రీల దాకా కాచి, నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడి మీద పదును దించితేనే పానా అవుతుంది. ఆ రెండు వేడి పనులూ సరిగ్గా జరక్కపోతే ఎంత గొప్ప ఉక్కైనా మెత్తగా మిగిలిపోతుంది, లేదా గాజులా పెళుసవుతుంది. ఊళ్ళో కమ్మరి లారీ కమాను పట్టీతో కొడవలి చేసేటప్పుడు దాని మీద రంగు ఎండుగడ్డి పసుపు నుంచి ఊదాకు, నీలానికి తిరిగే క్షణం కోసం కళ్ళు ఆర్పకుండా చూస్తాడు. నాణ్యత ఆ క్షణంలో ఉంది. దాన్ని అక్షరాల్లో చెక్కడం ఎవరి వల్లా కాదు. స్క్రూడ్రైవరు కొసనో ఉలి అంచునో నీలం మచ్చ కనిపిస్తే, గ్రైండింగ్ రాయి వేడికి పదును చచ్చిపోయిందని అర్థం. కొనకండి.

మూడోది. షాపుకు జేబులో బోల్టులు వేసుకుని వెళ్ళండి. 6, 8, 10, 12 మిల్లీమీటర్లవి, ఒక్కొక్కటి కొత్తది. పానా నోట్లో పెట్టి ఊపి చూడండి. లొడలొడలాడితే అది బోల్టు తల మూలలనే పట్టుకుంటుంది, చదునైన పక్కల్ని పట్టుకోదు. మూలలు తినేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 10 బోల్టు తల వెడల్పు పాత లెక్కలో 17 మిల్లీమీటర్లు, ఇప్పటి లెక్కలో 16. 12 బోల్టుకు పాతది 19, కొత్తది 18. మన షాపుల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. బోల్టు తల కొలవకుండా పానాను తిట్టడం అన్యాయం. షాపాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పెద్దాయన నా బోల్టులు చూసి, 'కూర్చోండి మాస్టారూ, తీరిగ్గా చూసుకోండి' అని స్టూలు వేశాడు. అప్పటి నుంచి అక్కడే కొంటున్నాను.

పాత ఆకురాయి ముక్క కూడా వెంట ఉంచుకోండి, అడిగి వాడండి. ఆకురాయి పానా కన్నా గట్టిది. పానా నోటి లోపలి మూల మీద నాలుగుసార్లు రుద్దండి. మెరుపు పూత కూడా గట్టిదే గనుక అది దాటాక చూడాలి. కష్టపడి కొంచెం కొంచెం తీస్తుంటే పదును సరిగ్గా ఉంది. వెన్నలా గీసుకుపోతే మెత్తటి ఇనుము. కటింగ్ ప్లేయరు కోసే అంచు మీద మాత్రం ఆకురాయి జారిపోవాలి, పట్టకూడదు.

అయస్కాంతం తీసుకెళ్ళేవాళ్ళను చూశాను. అది దండగ. మంచి పానాకూ చెడ్డ పానాకూ అది ఒకేలా అతుక్కుంటుంది. బరువు కూడా అంతే. మెత్తటి ఇనుముతో చేసేవాడు విరక్కుండా ఉండటానికి దళసరిగా చేస్తాడు, కాబట్టి చవక సరుకే ఎక్కువ తూగవచ్చు.

ఇప్పుడు శీర్షికలో పెట్టిన సలహా. మిల్లుకో వర్కుషాపుకో పది స్క్రూడ్రైవర్లో, పది ఉలులో కావాలంటే ముందు రెండే కొనండి. ఒకటి బెంచి వైసులో బిగించండి, గోనెపట్టా కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. విరగకుండా వంగిపోతే మెత్తనిది. విరిగితే ఆ ముక్క చివర ఎండలో చూడండి. బూడిదరంగులో, పట్టులా సన్నటి పొడిగా ఉంటే పదును పెట్టినవాడికి పని తెలుసు. పంచదార పలుకుల్లా మెరిస్తే అతిగా కాచాడు, ఆ సరుకు ఏదో ఒక రోజు చేతిలో పెటేలుమంటుంది. వంద రూపాయల వస్తువు పోగొట్టుకుని ఎనిమిది వందల తప్పు తప్పించుకుంటారు. పానాకైతే విరగ్గొట్టే పని కూడా లేదు. తల మీద 8.8 అంకె ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టును వైసులో నిలబెట్టి 13 పానాతో తెగేదాకా బిగించండి. బోల్టు తెగాలి, పానా నోరు చెక్కుచెదరకూడదు. నా చేప నోటి పానాను కొనేముందు దాని చెల్లిని ఇలా పరీక్షించి ఉంటే ఆ కుర్రాడి చేయి బాగుండేది. ఆ బోల్టు ఖరీదు అప్పట్లో టీ ఖరీదు కన్నా తక్కువ.

ప్లేయరును దీపానికెదురుగా పట్టుకోండి. కోసే అంచుల మధ్య వెలుతురు కనిపించకూడదు. పలచటి కాగితం కోయించండి, తర్వాత రాడ్ బెండింగ్ వాళ్ళ కట్టు తీగ కోయించండి. అంచు మీద గాటు పడితే వెనక్కిచ్చేయండి.

సుత్తి మాత్రం పిడి లేకుండా కొనండి. పిడితో వచ్చే సుత్తికి రంగూ వార్నిషూ వేసి చెక్క పోగును దాచేస్తారు. తల ఒక్కటీ తెచ్చుకుని, నల్లతుమ్మ కర్రకు పోగు పిడి పొడవునా సాగేలా చూసి వడ్రంగి చేత తొడిగించుకుంటే అది మీ చేతికి సరిపోతుంది. రెండు సుత్తుల ముఖాలు ఒకదానితో ఒకటి కొట్టి పరీక్షించేవాళ్ళున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. గట్టి ముఖం చెక్క లేచి కంట్లో పడుతుంది.

చవకగా కొనకూడనిది ఒకటుంది, దాని గురించి ఏ తిరగేసిన సలహా లేదు. కరెంటు పనికి వాడే ప్లేయరు, స్క్రూడ్రైవరు. పిడి మీద ప్లాస్టిక్ తొడుగు పట్టు కోసం వేసింది, షాక్ ఆపడానికి కాదు. 1000 వోల్టులు, రెండు త్రిభుజాల గుర్తు, ఐఈసీ 60900 అని ఉంటేనే అది కరెంటు పనికి పరీక్షించిన పనిముట్టు. మన ఇళ్ళల్లో 230 వోల్టులు చాలు మనిషిని తీసుకుపోవడానికి. రంగు తొడుగు నమ్మి లైవు వైరు పట్టుకునే ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళను చూసినప్పుడల్లా నా గుండె జారుతుంది.

వంద ముక్కల సెట్టు పెట్టె కొనకండి. మీకు కావలసినవి అందులో ఎనిమిదో పదో, మిగతావి పెట్టె నింపడానికి. ఏది మంచిదని అడగడం కన్నా, ఏది ఎక్కువగా తిరిగొస్తోందని షాపాయన్ను అడగండి. మంచిదని చెప్పడంలో ఆయనకు లాభం ఉంది. తిరిగొచ్చేదాని పేరు చెప్పడంలో ఆయనకు అబద్ధంతో పనిలేదు. వీలైతే కొత్తది మానేసి పాతది కొనండి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు పట్టి పడి ఉన్న పానా ఇరవై ఏళ్ళు పని చేసి కూడా నోరు తెరవలేదంటే, అంతకు మించిన పరీక్ష మనం పెట్టలేం. కిరోసిన్‌లో ఒక రాత్రి నానేస్తే తుప్పు మెత్తబడి వైరు బ్రష్‌కు వచ్చేస్తుంది.

'ఆడలేక మద్దెల ఓడు' అని కుర్రాళ్ళను ఎగతాళి చేస్తాం. మన వర్కుషాపుల్లో చాలాసార్లు మద్దెల నిజంగానే ఓడు. మంచి పానా మేస్త్రి సంచిలో ఉంటుంది, అరిగిపోయినదీ, నోరు తెరిచినదీ హెల్పర్ చేతికిస్తారు. పట్టు ఇంకా రానివాడికి, బోల్టు ఎప్పుడు జారుతుందో చేతికి తెలియనివాడికి. దాన్ని కూడా తిరగేయమంటున్నాను. సంచిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచి పానా కుర్రాడికివ్వండి. అరిగినదాన్ని ఎలా పట్టుకోవాలో మీకు తెలుసు, వాడికి తెలియదు.

ఈ ఆదివారం మీ పనిముట్ల పెట్టె బోర్లించండి. జేబులో బోల్టులతో ఒక్కో పానా నోరు చూడండి. లొడలొడలాడేవాటిని పక్కన పడేస్తే ఎవరో ఒకరు మళ్ళీ తీసి వాడతారు. అందుకే గ్యాస్ కటింగ్‌తో రెండు ముక్కలు చేసి తుక్కులో వేయండి.