తోడేది నేనే

నేను పంపును. నన్ను పోత పోసింది కోయంబత్తూరులో. చాకిరీ మాత్రం గోదావరి లోయలో, ఒక ఓపెన్‌కాస్టు బొగ్గు గని అడుగున. గని చూడ్డానికొచ్చిన పెద్దలు డంపర్ల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నా దగ్గరికెవరూ రారు, బురద కదా! నేను ఒక్క షిఫ్టు మొరాయిస్తే మాత్రం ఆ డంపర్లన్నీ పైనే ఆగిపోతాయి.

నేను తోడే నీళ్లు ఎక్కడివో చెబుతాను. వానాకాలంలో వాననీరు సరే, మిగతా రోజుల్లో గోడల్లోంచి ఊరేవే. మా ప్రాంతంలో బొగ్గు ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది. ఊళ్లలోని బావులకూ బోర్లకూ ఊటనిచ్చేదీ ఆ ఇసుకరాయే. దాన్ని వందల అడుగుల లోతుకు కోసేశాక, పెరుగు గిన్నెలో గరిటెతో తీసిన గుంటలోకి చుట్టూ నీరు చేరినట్టు, నేలలోని నీరు గనివైపు నడుస్తుంది. నేను తోడి వాగులోకి పంపుతాను. దగ్గర్లోని లోతు తక్కువ బావులు ముందు ఎండుతాయి.

ఒకసారి గట్టు మీద ఒక రైతు మా ఆపరేటర్‌ను నిలదీశాడు.

"అన్నా, మా బాయిల చెంబు మునుగుతలేదు. గీడ సూస్తే రాత్రీ పగలూ పైపులకెల్లి పారవట్టె. గివి ఎవలి నీళ్లే?"

"ఏం జెయ్యాలె అన్నా, పంపు బంద్ వెడితే గని మునుగుతది."

ఇద్దరిదీ నిజమే. వేసవిలో ఇవే నీళ్లను శుద్ధి చేసి ఊళ్లకిచ్చేచోట జనం దండం పెడతారు. వాళ్ల నీళ్లు వాళ్లకిస్తే అది దానమెలా అవుతుందో నా ఇనుప బుర్రకు ఎక్కదు.

ఇక రుచి సంగతి. బొగ్గులో, దాని చుట్టూ రాళ్లలో పైరైటు ఉంటుంది. గాలీ నీరూ తగిలితే అది గంధకామ్లమవుతుంది. మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడ ఆమ్లం పారిన వాగుల్లో చేపలు బతకలేదు. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియల్లాంటి ఇరుకు సొరంగాల గనులను నిషేధించింది. మా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి అంత ఘోరం లేదు. అయినా సల్ఫేట్లు, కాఠిన్యం నీటిలో మిగులుతాయి. వేరే నీటి వనరు ఉన్నంతవరకు తాగే నీటిలో సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దానికితోడు గని తవ్వి పోసిన మట్టిగుట్టలు వానలకు కోసుకుపోయి వాగుల్లో, చెరువుల్లో పూడిక పేరుకుంటుంది.

నన్ను ఆపేస్తే అన్నీ సర్దుకుంటాయనుకునేరు! తవ్వకం ముగిశాక నీటిమట్టం మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. లేచే నీరు పగిలిన రాళ్లలోంచి, తిరిగి నింపిన మట్టిలోంచి వస్తుంది గనుక లవణాలను మోసుకొస్తుంది.

గనికి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు సాధారణంగా ఒక షరతు పెడతారు: చుట్టుపక్కల భూగర్భజలాల మట్టం, నాణ్యత ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబరు, జనవరిలో పరీక్షించాలి. షరతుల అమలుపై ఆరునెలలకోసారి ఇచ్చే నివేదిక బహిరంగ పత్రమే. గని పక్క ఊరివాళ్లయితే దాన్ని అడిగి తెచ్చుకోండి. మీ బావిలో తాడు దించి మీరూ కొలవండి, తేదీ వేసి రాసుకోండి. నేను తోడిన లెక్క గని ఆఫీసులో ఉంటుంది. మీ బావి ఎండిన లెక్క మీరే రాయాలి.