డాక్టరు గారి మాట నా దగ్గరుంది

మనవరాలు కొత్త ఫోను కొనుక్కున్నాక, ఆమె పాత ఫోనునైన నేను తెనాలిలో అమ్మమ్మ చేతికి వచ్చాను. ఆవిడకి డెబ్భై దాటాయి. షుగరు, బీపీ, థైరాయిడ్, అరిగిన మోకాళ్లు. కూతుర్ని వెంటబెట్టుకుని గుంటూరు కొత్తపేటకు వెళ్తుంటుంది. అక్కడ వీధంతా ఆసుపత్రులే. పొద్దున్నే టోకెను తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటే డాక్టరు గారి గదిలో దొరికేది కాసేపే. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పినవాటిలో సగం జారిపోయేవి.

అమ్మమ్మ ఒక్కదానికే కాదు ఈ ఇబ్బంది. డాక్టర్లు చెప్పేదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మరచిపోతారని రాయ్ కెసెల్స్ అనే డచ్ పరిశోధకుడు 2003లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగానే గుర్తుంటుందట. జబ్బు పేరు చెవిన పడగానే మనసు అక్కడే ఆగిపోవడం ఇందుకు ఒక కారణం. అది నేను దగ్గరుండి చూశాను. ‘కిడ్నీ’ అన్న మాట వినగానే అమ్మమ్మ చెయ్యి వణికింది. డాక్టరు గారు వెంటనే, “భయపడేంత లేదమ్మా. మోకాళ్లకని నొప్పి బిళ్లలు మాత్రం మీ అంతట మీరు కొని వేసుకోవద్దు” అన్నారు. ఆవిడ విన్నది కిడ్నీ ఒక్కటే. మిగతాది నేను రికార్డు చేశాను. రాత్రి అన్నం ముట్టకుండా కూర్చుంటే కూతురు ఆ మాటలు వినిపించింది. రెండోసారి వినిపించాక లేచి, అలమరలోంచి నొప్పి బిళ్లల అట్ట తీసి కూతురి చేతికిచ్చింది. అప్పుడు అన్నం తింది.

ఇంకోసారి థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర దగ్గర తల్లీకూతుళ్లకి వాదన. “రెండూ పొద్దున్నే అన్నారే” అని తల్లి. “కాదమ్మా, కాల్షియం రాత్రి అన్నారు” అని కూతురు. నన్ను నొక్కారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీ అయినా అరగంట ఆగాకే. కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఇద్దరూ తప్పే విన్నారు. మందుల చీటీ మీద మాత్ర పేరుంది గానీ ఇంత వివరం లేదు.

మొదట్లో వెళ్లిన ఒక ఆసుపత్రిలో నన్ను బయటికి తీయగానే అక్కడి డాక్టరు, “రికార్డు చేస్తే నేను మాట్లాడను” అన్నారు. అమ్మమ్మ మనసు చివుక్కుమంది. అయినా నన్ను చీరకొంగు చాటున పెట్టి పని చేయించలేదు. అది నాకు నచ్చింది. ఇప్పటి డాక్టరు గారిని కూతురు ముందే అడిగింది: “అమ్మకి మీరు చెప్పింది గుర్తుండట్లేదు సార్, ఇంటికెళ్లి మళ్లీ వినడానికి రికార్డు చేసుకోవచ్చా?” “చేసుకోండమ్మా, దగ్గరగా పెట్టండి” అన్నారాయన. ఇప్పుడు చివర్లో నా వైపు తిరిగి మందులన్నీ వరసగా మరోసారి చెప్తారు.

అమ్మమ్మ కొడుకు అమెరికాలో డాలస్‌లో ఉంటాడు. ఆ ఊరున్న టెక్సస్‌లో ఇలా రికార్డు చేయడానికి మాట్లాడుకునేవాళ్లలో ఒకరు ఒప్పుకుంటే చట్టానికి చాలు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో అందరూ ఒప్పుకోవాలి. ఫీనిక్స్‌లోని బారో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ డాక్టరు చెప్పేది తానే వీడియో తీసి రోగులకిచ్చే పద్ధతి పెట్టింది. చట్టం ఏమన్నా సరే, అడిగి చేయడమే మర్యాదని నా నమ్మకం. అడిగితే డాక్టరూ మనసు విప్పి చెప్తారు. అమ్మమ్మ తన డాక్టరు గారి రికార్డింగు కొడుక్కీ కూతురికీ మాత్రమే పంపుతుంది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వదు. అది ఆవిడ ఒంటి సంగతి, నలుగురిలో పడేసేది కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, గదిలోకి వెళ్లగానే డాక్టరు గారిని అడగండి. సరేనంటే ఫోను బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టండి. ఇంటికొచ్చి రికార్డింగుకి తేదీ, డాక్టరు పేరు పెట్టండి. కుదరదంటే, మందుల వేళలు ఆయన ఎదుటే కాగితం మీద రాసుకుని చదివి వినిపించండి. రికార్డింగు మీరు మాత్రమే విని ఊరుకోకండి. పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి, వాళ్లకి వచ్చే సందేహాలు చీటీ వెనక రాయండి, వచ్చేసారి వాళ్ల చేతే అడిగించండి.