బాబా ఖాతాలో సెంచరీ

మా బావమరిదిది విశాఖపట్నం. 2025 డిసెంబరులో దక్షిణాఫ్రికా మీద ఆఖరి వన్డే అక్కడే ఆడి, 65 పరుగులతో నాటౌట్‌గా నిలిచిన విరాట్ కోహ్లీ మర్నాడు సింహాచలం కొండెక్కి అప్పన్నను దర్శించుకున్నాడు. దాంతో మావాడికి ముందునుంచీ ఉన్న జబ్బు ముదిరింది. "ఎలాంటివాడు ఎలా అయిపోయాడో చూశావా బావా!" అంటూ ఫోన్లోనే గొంతు గద్గదమైంది. రాంచీలో, రాయ్‌పూర్‌లో సెంచరీలు ఈ దర్శనానికి ముందే కొట్టేశాడు కదరా అన్నాను. "అది మొక్కు బావా, తీర్చుకున్నాడు" అన్నాడు.

మావాడి పద్దుల పుస్తకం అలాంటిది. దర్శనం తర్వాత సెంచరీ వస్తే ఆశీర్వాదం. ముందే వస్తే మొక్కు. అసలు రాకపోతే దేవుడు పెట్టిన పరీక్ష. ఎల్బీడబ్ల్యూ అయితే మాత్రం అంపైరు గుడ్డివాడు. ఎటు తిప్పినా జమే తప్ప ఖర్చు రాయనక్కర్లేని ఈ పద్దు మన చిట్‌ఫండ్ వాళ్లక్కూడా తట్టలేదు.

మావాడు చెప్పే కోహ్లీ చరిత్ర వాల్మీకి కథకు ఏమాత్రం తీసిపోదు. అనగనగా ఒక కుర్రాడు. ఒంటినిండా పచ్చబొట్లు, నోటినిండా బూతులు. 2012లో సిడ్నీ ప్రేక్షకులకు మధ్యవేలు చూపించి, మ్యాచ్ ఫీజులో సగం జరిమానా కట్టాడు. ఆ పాపం పండి సెంచరీలు ఎండిపోయాయి. అప్పుడు కైంచీధామ్‌లో నీమ్ కరౌలీ బాబా ఆశ్రమానికి వెళ్లాడు, బృందావనంలో ప్రేమానంద్ మహారాజ్ ముందు కూర్చున్నాడు, ఉజ్జయినిలో మహాకాలుడికి మొక్కాడు. పుట్ట పగిలింది, బ్యాటు లేచింది.

కథ బాగానే ఉంది. చిక్కల్లా కేలండరుతోనే. 70వ సెంచరీ 2019 నవంబరులో, కోల్‌కతాలో. 71వది 2022 సెప్టెంబరు 8న, దుబాయ్‌లో అఫ్గానిస్తాన్ మీద. కైంచీధామ్ వెళ్లింది ఆ తర్వాత, నవంబరులో. ఈలోగా మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద ఆ 82 కూడా కొట్టేశాడు. చెరువు నిండాక కప్పల పెళ్లి చేసి, ఆ పెళ్లి వల్లే వాన కురిసిందన్నట్టుంది వరస.

ఆ 71వ సెంచరీకి ముందు ఏం జరిగిందో కోహ్లీయే చెప్పాడు. పదేళ్లలో మొదటిసారి నెల రోజులు బ్యాటు ముట్టుకోలేదన్నాడు. మనసు డీలాపడిందని ఒప్పుకున్నాడు. అంతటి మొనగాడు ఆ మాట పైకి అనడమే నా దృష్టిలో అసలు మార్పు. మావాడి పద్దులో దానికి గడే లేదు. పైగా 'పాపి'గా ఉన్న రోజుల్లో కొట్టినవే ఆ 70. ఒక్క 2016 ఐపీఎల్‌లోనే 973 పరుగులు. టెస్టుల్లో 2019 చివరికి 27 సెంచరీలుంటే, 2025 మేలో తప్పుకునేదాకా వచ్చినవి మరో మూడు. (ఈ లెక్క మావాడికి చెప్పలేదు. సంక్రాంతికి వాళ్లింటికే వెళ్లాలి.)

కోహ్లీ దండం కోహ్లీ ఇష్టం. నా పేచీ మావాడి తక్కెడతో. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా పెట్టిన లక్ష్యం 339. జెమీమా రోడ్రిగ్స్ 127 కొట్టి, చివరిదాకా నిలబడి గెలిపించింది. ఏడుస్తూ ఏసుకు కృతజ్ఞతలు చెప్పింది. ఆందోళనతో రోజూ ఏడ్చేదాన్నంది. భక్తి, పడిలేవడం, కన్నీళ్లు: మావాడికి కావలసిన దినుసులన్నీ ఉన్నాయి కదాని ఆశగా ఫోన్ చేశాను. "ఆటలోకి మతాన్ని ఎందుకు తెస్తారు బావా?" అన్నాడు.

2023లో వాంఖెడేలో శ్రీలంకవి ఐదు వికెట్లు తీసి షమీ మోకాళ్ల మీద వంగితే, సజ్దా చెయ్యబోయి ఆగాడా అని తగువు. చెయ్యాలనుకుంటే నన్నాపేదెవరని అతనే చెప్పుకోవాల్సి వచ్చింది. అదే షమీ 2025 రంజాన్ మాసంలో, దుబాయ్ మైదానంలో డ్రింకు తాగితే ఒక మౌలానా తప్పుపట్టాడు. తక్కెడలు అన్ని వీధుల్లోనూ ఉన్నాయి.

2025 జనవరి 10న కోహ్లీ మళ్లీ బృందావనం వెళ్లాడు. 31న ఢిల్లీలో, రైల్వేస్ మీద రంజీ మ్యాచ్. బౌలరు హిమాన్షు సాంగ్వాన్. నాలుగో అయిదో స్టంపు మీద వెయ్యమని అతనికి బస్సు డ్రైవరు కూడా సలహా ఇచ్చాడట. అటు మహారాజ్ ఆశీస్సులు, ఇటు డ్రైవరు ఉపదేశం. సాంగ్వాన్ మాత్రం తన బలాన్నే నమ్ముకున్నానన్నాడు. బంతి లోపలికి దూసుకొచ్చింది, ఆఫ్ స్టంపు పల్టీలు కొట్టింది. కోహ్లీ స్కోరు 6.

"పరీక్ష బావా" అన్నాడు మావాడు. కోహ్లీ అలా అనలేదు. మంచి బంతి వేశావని సాంగ్వాన్‌ను మెచ్చుకుని, అదే బంతి మీద సంతకం పెట్టిచ్చాడు.