హాలియాకు కార్న్ డాగ్ కావాలి

హాలియాకు ఇంక తక్కువేముంది? 2018లో మున్సిపాలిటీ అయింది. 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ ఉపఎన్నిక వచ్చినప్పుడు రాష్ట్ర రాజకీయమంతా మన సెంటర్లోనే మకాం వేసింది. అప్పటి ముఖ్యమంత్రి ఫిబ్రవరిలో ఒక సభ, ఏప్రిల్‌లో ఇంకో సభ ఇక్కడే పెట్టారు. ఒకరు లిఫ్టులన్నారు, ఒకరు రోడ్లన్నారు, ఇంకొకరు అసలు సాగర్ తెచ్చిందే మేమన్నారు. అన్ని జెండాలు తిరిగాయి, అన్ని మైకులు మోగాయి. ఒక్కరంటే ఒక్కరు కార్న్ డాగ్ మాటెత్తలేదు.

నవ్వకండి. ఇది రేపటి ఓటు బ్యాంకు. ఫోన్లో రీల్స్ చూసే పిల్లలు, కొరియా సీరియళ్ళకు అలవాటుపడ్డ ఇంటర్ ఆడపిల్లలు, డాలస్ నుంచి సెలవుల మీద దిగిన అల్లుళ్ళు, ఈ మూడు వర్గాలూ కలిస్తే ఏ సామాజిక సమీకరణమూ నిలవదు. వాళ్ళకు కావలసిందల్లా అప్పటికప్పుడు కళ్ళముందు వేసిచ్చే ఒక మంచి కార్న్ డాగ్. వరికి పేరుబడ్డ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఇంత చిన్న కోరిక తీరకపోవడమేమిటని వాళ్ళు అడుగుతుంటే జవాబు చెప్పే నాథుడు లేడు.

తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. సాసేజ్‌కు పుల్ల గుచ్చి, మక్కపిండిని గుడ్డుతో, పాలతో చిక్కగా కలిపి, అందులో నిలువుగా ముంచి, కాగే నూనెలో వేసి తీస్తే అదే కార్న్ డాగ్. కొరియావాళ్ళు లోపల సాగే చీజ్ పెట్టి పైన చక్కెర చల్లుతారు. వాళ్ళిష్టం.

దీనికి ఒకప్పుడు పేటెంట్ కూడా ఉండేది. అమెరికాలో బఫెలో నగరానికి చెందిన స్టాన్లీ జెంకిన్స్ అనే పెద్దమనిషి 1927లో దరఖాస్తు పెడితే 1929లో మంజూరు చేశారు. పుల్లకు గుచ్చి, పిండిలో ముంచి, నూనెలో వేయించే యంత్రం ఆయనది. ఏమేం ముంచవచ్చో కూడా ఆ కాగితంలో రాసుకున్నాడు: సాసేజ్, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఇంకా నానా పండ్లు. గుడ్డు బజ్జీ, అరటికాయ బజ్జీ వేసే మన బండ్లవాళ్ళు ఆ రోజుల్లో ఇంగ్లీషు చదవలేకపోవడం వల్ల ఒక అంతర్జాతీయ వ్యాజ్యం తప్పిపోయింది.

అసలు ఇది జాతర తిండి. టెక్సస్‌లోని డాలస్‌లో ఏటా సెప్టెంబరు చివర్లో స్టేట్ ఫెయిర్ మొదలవుతుంది, 24 రోజులు జరుగుతుంది. 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ తలపాగా బదులు టోపీ పెట్టుకుని అక్కడ నిలబడుతుంది. మనకు చెర్వుగట్టు, దురాజ్‌పల్లి గట్టు జాతరలు ఎట్లాగో వాళ్ళకు అది అట్లాగ. ఫ్లెచర్ కుటుంబం దశాబ్దాలుగా అక్కడ కార్న్ డాగులు వేసి అమ్ముతోంది. ఇర్వింగ్ నుంచి, ఫ్రిస్కో నుంచి మనవాళ్ళు ఒక శనివారం బతుకమ్మ ఆడి, మరుసటి శనివారం ఆ జాతరకు పోతారు. ఎండలో వరసలో నిలబడతారు. లోపలి మాంసం దేనిదని ఒకసారి అడిగి, జవాబు సరిగా వినపడనట్టు తలూపి, ఆవపిండి సాస్ పూసుకుని నడుస్తూ తింటారు. కాగితం పళ్ళెం, మూతి తుడుచుకోను కాగితం, కూర్చోను చోటు లేదు. అయినా ఆహా అంటారు.

ఆ మనిషే సంక్రాంతికి హాలియా వచ్చి మిరపకాయ బజ్జీల బండి ముందు కారాపి, అద్దం నాలుగు వేళ్ళు దించి, "హైజీన్ ఎట్లుంటదో మామా" అంటాడు. నూనె సంగతిలో మాత్రం అల్లుడి అనుమానానికి న్యాయం ఉంది. నల్లబడ్డ నూనెను మళ్ళీ మళ్ళీ కాచొద్దని 2018లోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. ఆ హద్దు కడాయి దాకా ఇంకా చేరినట్టు లేదు. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన బండి వదిలేసి ఎక్కడికి పోతాడో చూడండి.

ఏసీ ఉన్న చోటికి పోతాడు. గోడకు ప్లాస్టిక్ ఆకులు, ఆకుల మధ్య ఇంగ్లీషులో వెలిగే అక్షరాలు, సెల్ఫీకి ఒక ఉయ్యాల. మెనూ కార్డులో కార్న్ డాగ్ ఉంది. ప్లేటు మిర్చి ధరకు ఐదింతలు. "ఫ్రెష్షేనా తమ్ముడూ?" అంటే, "ఇప్పుడే ప్యాకెట్ ఇప్పిన సార్" అన్నాడు పిల్లవాడు, ఎంతో నిజాయితీగా. ఆ ప్యాకెట్ ఏ నగరంలో ఎప్పుడు కట్టిందో, ఎన్ని ఊళ్ళు దాటి వచ్చిందో ఎవరికెరుక. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాలని దాని మీదే అచ్చేసి ఉంటుంది. కరెంటు బిల్లు మీద భయంతో రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ కట్టేసే షాపులో ఆ డిగ్రీలు పొద్దున్నే ఎంత దాకా ఎక్కుతాయో లెక్క కట్టడానికి ఇంజనీరు కానక్కర్లేదు. పిల్లవాడు దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టాడు, అది టింగుమంది. పైపొర తడిసిన అట్టలా వంగింది. కొరికితే చివర్లు నోరు కాల్చాయి, నడుమ మంచు తగిలింది. పుల్లకు చెమట పట్టింది. పైన మాత్రం మయోనైజ్‌తో ముగ్గు వేసిచ్చాడు. ముగ్గు బాగుంది.

ఇప్పుడు మక్కల సంగతి. తెలంగాణలో పండే మక్కల్లో పెద్ద భాగం పోయేది కోళ్ళ దాణాకు. దాణాలో సగానికి పైగా అవే. అంటే మన మక్క కోడి తింటుంది, ఆ కోడి సాసేజ్ అవుతుంది, సాసేజ్‌కు మళ్ళీ మక్కపిండి తొడుగుతారు, గడ్డకట్టించి మన ఊరికే పంపుతారు. రైతుకు మిగిలేది మద్దతు ధర మీద చర్చ. 2020 వానాకాలంలోనైతే మక్క వెయ్యనే వద్దని ప్రభుత్వం చెప్పింది, దానికి నియంత్రిత సాగు అని పేరు పెట్టింది. ఆ ఏడు తిరక్కముందే ఆ విధానమూ పోయింది, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోండన్నారు. అంత పెద్ద మక్క రాజకీయం నడిచింది కానీ, మక్క గారెలకు మించి మనిషి తినే తిండి ఒక్కటి సెంటర్లో అమ్మిద్దామని ఏ అధికారికీ తట్టలేదు.

ఇక అల్లుడు అద్దం ఎక్కించి వదిలేసిన బండి దగ్గరికి వద్దాం. సాగర్ గేట్లు ఎత్తారంటే ఖమ్మం, సూర్యాపేట వైపు కార్లన్నీ మన మీదుగానే పోతాయి, సగం ఇక్కడ ఆగుతాయి. బండి మీద అక్క మిరపకాయను చీరి, గింజ తీసి, వాము, ఉప్పు కూరి, తొడిమ పట్టుకుని పిండిలో ఒక తిప్పు తిప్పి, గిన్నె అంచుకు గీసి వదులుతుంది. కాగిందో లేదో చూడటానికి ఆమెకు థర్మామీటర్ లేదు. ఒక చుక్క పిండి వేస్తుంది. అది అడుగుకు పోయి వెంటనే తేలితే సరి. బజ్జీ బుసబుసలాడటం తగ్గిందంటే లోపలి తడి పోయిందని ఆమెకు చెవుల్తోనే తెలుస్తుంది.

సాసేజ్‌ను ఇట్లా వేస్తావా అని అడిగాను.

"అది ఉడికిందేనా సారూ, పచ్చిదా?"

"ఉడికిందే అక్కా."

"తడుంటదా?"

"ఉంటది."

"అయితే బట్టతోని తుడువాలె. పొడి పిండిల ఓ పొర్లు పొర్లియ్యాలె. లేకుంటే పిండి పట్టది, నూనెల ఎయ్యంగనే ఊడొస్తది. ఎల్పు గిన్నెల కాదు, పొడుగు గిలాసల పోసుకోవాలె పిండి. పుల్ల పట్టుకుని ముంచుడే."

టెక్సస్ వంటల పుస్తకాలు పేజీన్నర తిప్పి తిప్పి చెప్పే రహస్యం ఇదే. అక్క కడాయి మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పేసింది, ప్లేటు మిర్చి డబ్బులు మాత్రమే తీసుకుంది.

పిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే పట్నం నుంచి వచ్చిన చెఫ్‌లు కూడా జారిపడతారు. కిరాణా కొట్లో డబ్బాలో దొరికే తెల్లటి కార్న్‌ఫ్లోర్ మక్కల గంజి పిండి. మంచూరియాకు పనికొస్తుంది, దీనికి పనికిరాదు. పచ్చటి మక్కలు ఎండబెట్టి గిర్నీలో కొంచెం బరకగా పట్టించాలి. అప్పుడే పంటికి కరకరా తగులుతుంది, ఆ తియ్యటి వాసన వస్తుంది. ఎండిన మక్కలకు కరువు లేదు, గిర్నీ ఉంది, అక్క ఉంది, కడాయి ఉంది. సాసేజ్ ఒక్కటే బయటి నుంచి రావాలి, అది ఏసీ షాపు ఫ్రీజర్‌లో మూలుగుతోంది. ఈ రెండు అంగళ్ళ మధ్య అడ్డం ఉన్నది ఒక్క రోడ్డు.

కాబట్టి ఏసీ షాపు తమ్ముడికి నా మనవి: మైక్రోవేవ్ అమ్మేసి ఆ డబ్బుతో ఒక పొయ్యి కొనుక్కో, లేదా సాసేజ్ పట్టుకుని రోడ్డు దాటు. రాత్రిపూట ఫ్రీజర్ మాత్రం కట్టెయ్యకు. మున్సిపాలిటీ వారికి మనవి: బండికి ఒక నీళ్ళ కుళాయి, నూనె చూసిపోయే మనిషి నెలకోసారి, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. శంకుస్థాపన అసలే వద్దు. అల్లుళ్ళకు మనవి: డాలస్ ఎండలో నిలబడ్డ కాళ్ళే కదా, ఇక్కడా నిలబడండి. అక్క సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగిస్తుంది. ఏడున్నరకల్లా పిండి అయిపోతుంది.