మూడడుగుల సముద్రము

బలిచక్రవర్తిని వామనుడు మూడడుగుల నేల యాచించినపుడు ఆ మూడడుగులు ఎంతదూరము పోవునో శుక్రాచార్యులవారికి దప్ప ఆ సభలో నింకెవ్వరికిని తెలియలేదని పెద్దలు చెప్పుదురు. 2014వ సంవత్సరము ఆగస్టు నెలలో, విశాఖపట్టణమున ఎం.వి.పి. కాలనీలోని మా యింటి హాలులో మూడడుగుల గోడ నేను మా యావిడను యాచించినపుడు అట్టి హితైషి యొక్కడైనను ఆ చుట్టుప్రక్కల లేకపోయెను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల గాజుతొట్టె, అందు సుమారు 190 లీటర్ల నీరు, ఆ నీటిని సాక్షాత్తు సముద్రముగా మార్చి అందొక పగడపుదిబ్బను నెలకొల్పుట నా సంకల్పము. మొదటి అడుగుతో టీవీ బల్ల పోయెను. రెండవ అడుగుతో ఆమె పుట్టింటివారిచ్చిన బీరువా వసారాలోనికి నడచెను. మూడవ అడుగు మా బ్యాంకు ఖాతా నెత్తిమీద పెట్టితిని.

"ఏవండీ, నడిచి వెళ్తే పదిహేను నిమిషాల్లో బంగాళాఖాతం ఉంది కదా, అది చాలదా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నాకడ నేటికిని సమాధానము లేదు. చేపలే చూడవలెనన్న బీచిరోడ్డున మత్స్యదర్శిని యున్నది. టిక్కెట్టు కొని, చూచి, ఐస్‌క్రీము తిని రావచ్చును. కాని ఇది వివేకముతో కుదురు జబ్బు కాదు. ఆంగ్లదేశమున గాస్ దొర 1854లో అక్వేరియమును గూర్చి గ్రంథము వ్రాసి ఇంటింటికిని దీనిని అంటించెను. మదరాసు మెరీనా తీరమున 1909లోనే సర్కారువారు చేపల ప్రదర్శనశాల తెరచి నాటి మన రాజధానికిని తెచ్చిరి. నాకు అంటుటకు నూరేండ్లు పట్టినదనిన, నా రోగనిరోధకశక్తి తక్కువదేమియు కాదు.

సముద్రజలమే తెచ్చి పోసినచో ఉప్పు ఖర్చు మిగులునని తోచి, ఒక ఆదివారము తెల్లవారుజామున రెండు ప్లాస్టిక్ డబ్బాలతో పెద జాలారిపేట ఒడ్డునకు పోయితిని. వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు నన్ను ఆపాదమస్తకము పరికించి, "ఏటి బావూ, నీళ్ళట్టుకెల్తన్నారేటి? సేపలు కావాలంటే నానిత్తాను గదా!" అనెను. తొట్టెలో చేపలు పెంచుటకని విన్నవించితిని. అతడు దారము పంట కొరికి, కొంత తడవు ఆలోచించి, "ఈ ఒడ్డు నీళ్ళల్ల మా సేపే ఉండదు బావూ, లోనకెల్లిపోద్ది. మీ సేప ఉంటాదా?" అనెను.

నేను చదివిన పుస్తకములన్నింటిలో ఇంత క్లుప్తముగ చెప్పినది లేదు. ఒకప్రక్క ఓడరేవు, ఒకప్రక్క ఊరి మురుగు, మధ్యను పడవల డీజిలు. ఆ నీటిని నమ్మి ఎట్టి జీవి కాపురము పెట్టును? పైపెచ్చు ఆ సముద్రము ఒక్కమాటపై నిలుచునది కాదు. 1950ల తొలినాళ్ళలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్ గారు, ఇచ్చటి పరిశోధకులతో గూడి, వేసవి మొదట వాల్తేరు తీరమున అడుగునుండి చల్లని చిక్కని ఉప్పునీరు పైకి పొంగుటను కొలిచి చూపిరి; వానలు వెనుకపట్టిన పిమ్మట నదులు దింపిన మంచినీరు ఒడ్డువెంట వ్యాపించి ఆ ఉప్పును పలుచన చేయును. పగడపుదిబ్బల ప్రాణులకో, వేయింటికి 35 పాళ్ళ ఉప్పు ఏడాది పొడుగునను చలింపక నిలువవలెను. బంగాళాఖాతమునే నా పరీక్షకు కూర్చుండబెట్టినచో కార్తికమాసమున తప్పియుండెడిది.

కావున సీమనుండి వచ్చిన ప్రత్యేకపు టుప్పు డబ్బా కొంటిని. కొళాయినీటిలో దేవుడును, మునిసిపాలిటీవారును కలిపిన సమస్తమును ఆర్.ఓ. యంత్రముచే తొలగించి, అట్లు నిస్సంగమైన నీటిలో ఏడు కిలోల యుప్పు పోసి మరల సమస్తమును కలుపుట, సన్న్యాసము పుచ్చుకొన్నవాడు ఆ సాయంత్రమే పెండ్లిపీటలపై కూర్చుండుటవంటిది. ఉప్పు కొలుచుటకు రిఫ్రాక్టోమీటరను చిన్న గొట్టమున్నది. దాని గాజుపలకపై రెండు చుక్కలు వేసి, వెలుతురువైపు త్రిప్పి కంటి కానించినచో, నీలిరంగు దిగివచ్చి అంకెకడ ఆగును. నేను తన్మయుడనై చూచుచుండగా మా యావిడ గరిటెతో వచ్చి, "ముప్ఫయ్యేళ్ళుగా చారులో ఉప్పు తక్కువైందని వంకలు పెట్టారు కదా, ఇందులో చూసి చెప్పండి" అని రెండు చుక్కలు దానిపై వేసినది. అంకె కనబడలేదు, మిరియపుపలుకొకటి పర్వతమువలె కనబడినది.

పగడపు తొట్టెకు పగడము లెచ్చటివని పాఠకులు అడుగవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున, 2001లో, దిబ్బలు కట్టు పగడపుజీవుల నన్నింటిని మొదటి షెడ్యూలున, అనగా పెద్దపులి సరసన, కూర్చుండబెట్టిరి. మన్నార్ సింధుశాఖనుండి ఒక ముక్క విరిచి తెచ్చుకొనుట హాలులో పులిపిల్లను కట్టివేసికొనుటతో సమానము. ఒక దుకాణదారుడు గొంతు తగ్గించి, "లైవ్ రాక్ ఉంది సార్, రాత్రికి పంపిస్తాను" అనెను. ప్రాణులతో గూడిన దిబ్బరాయి యన్నమాట. నాకు పులి గాండ్రింపు వినవచ్చి, కాల్చిన మట్టితో చేసిన కృత్రిమశిలలతో సరిపెట్టుకొంటిని. ఇక నా తొట్టెలో పగడమనునది కుజదోషనివారణార్థము నా వ్రేలికి తొడిగిన ఉంగరములోనిదే. అదియు దిబ్బలు కట్టు జాతి కాదు, మధ్యధరా సముద్రపు టెర్రపగడము. చేయి ముంచినంతసేపు అదియే నా ప్రవాళద్వీపమని సంతసించుచుండగా, ఉంగరము రాగిదనియు, రాగి నీట కరగినచో నత్తలు రొయ్యలు మొదలగు వెన్నెముక లేని ప్రాణులకు విషమనియు తెలిసి, దానినిగూడ తీసి గూటిలో పెట్టితిని. కుజు డప్పటి కేమియు అనలేదు.

రాళ్ళకొఱకు నేను వెదకుచున్నానని విని మా బావమరిది ఉక్కునగరమునుండి అయిదు కిలోల చిట్టెపుగడ్డను సంచిలో మోసికొని వచ్చెను. "బావా, నీ చేపలకి కొండ తెచ్చాను! కన్నాలు చూడు, గుహలు చూడు!" అని బల్లపై పెట్టెను. చూచుటకు బాగుగనే యున్నది. అందలి సున్నమును గంధకమును నీటిని ఏమి చేయునో నేను వివరించుకొలది అతని మొగము చిన్నబోయి, తుద కతడు, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అనెను. 1966లో వీధివీధిని మ్రోగిన ఆ మాటకు ఎదురుచెప్పు ధైర్యము ఈ యూరివాని కెవ్వనికుండును? కాని చిట్టెము హక్కని ఆ ఉద్యమమున నెవ్వరును అన్నట్లు లేదు. ఆ గడ్డ నేటికిని మా వీధితలుపు గాలికి మూసికొనకుండ కాచుచున్నది.

నీరు వచ్చెను, రాళ్ళు వచ్చెను, ఇక చేపలే యనుకొనువాడు పసివాడు. చేప విసర్జించునది అమ్మోనియా. అది చేపకే విషము. ఆ విషమును తిని నైట్రైటుగా మార్చు సూక్ష్మజీవుల కులమొకటి, ఆ నైట్రైటును తిని అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చు కులము మరియొకటి రాళ్ళపై స్థిరపడవలెను. ఇందుకు నాలుగైదు వారములు పట్టును. క్షీరసాగరమున హాలాహలము మ్రింగుటకు నీలకంఠుడు సిద్ధముగ నుండెను గాని, నా సాగరమున నీలకంఠులను మేత చూపి పిలువవలెను. అందులకు మార్గము పచ్చిరొయ్య నొకదానిని తొట్టెలో వేసి కుళ్ళబెట్టుట. రొయ్యల నోడలకెత్తి దేశదేశములకు పంపు ఈ రేవుపట్టణమున, మా యావిడ వేపుటకని తెచ్చిన రొయ్యలలో లావుపాటిదానిని నేను దొంగిలించి నీట వదలితిని. నాలుగవ నాటికి హాలులో కూర్చుండిన చుట్టములు కారణము చెప్పకయే లేచిపోవ మొదలిడిరి.

ప్రతిదినము సాయంకాలము పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్ల నీరు పట్టి, చుక్కలమందు వేసి, తెల్లకాగితమున కానించి, ట్యూబులైటు క్రింద చూచుట నా సంధ్యావందనమయ్యెను. అమ్మోనియా లేనిచో పసుపు, ఉన్నచో ఆకుపచ్చ. నైట్రైటు లేనిచో లేతనీలి, ఉన్నచో ఊదా. మూడు వారములు నాళికలు ఆకుపచ్చగను ఊదాగను వెలుగుచుండ, పసుపు మనవారికి ఏల శుభసూచకమైనదో నాకు బోధపడెను.

ఈలోపల వచ్చినవారందరి ప్రశ్నయు నొక్కటే: "చేపలేవండీ?" "ఇంకా రాలేదండీ, నీళ్ళు పండాలి." మామిడికాయ పండుట ఎరుగుదురు గాని నీళ్ళు పండుట వారెరుగరు. నన్నర్థము చేసికొన్నవాడు పోర్టులో పనిచేసి విశ్రాంతి పొందిన ప్రక్కింటి పెద్దమనిషి యొక్కడే. "మన రేవు తవ్వడానికి ఏళ్ళు పట్టింది మాస్టారూ. 1933లో ‘జలదుర్గ’ ఓడ వచ్చేదాకా జనం ఇలాగే అడిగుంటారు, ఓడలేవండీ అని" అని నన్నోదార్చెను. ఆయన కొక కప్పు కాఫీ అధికముగ నిచ్చితిని.

ముప్పదియెనిమిదవ నాడు నాళిక పసుపుగా నిలిచెను. ఆ ఆనందము నాలుగు దినములు. అయిదవ నాడు ఇసుక, రాళ్ళు, అద్దము అన్నియు ముక్కుపొడుము చల్లినట్లు గోధుమవర్ణము దాల్చెను. ఇది డయాటములను నాచు, క్రొత్త తొట్టెకు ఆటలమ్మవంటిది, దానంతట అదియే పోవును. పోయెను, పచ్చనాచు వచ్చెను. దానికి నత్తలను పెట్టితిని.

తరువాత హేచరీలో పుట్టి పెరిగిన విదూషకమత్స్యముల జంటను తెచ్చితిని. వీనిలో వింత యేమనగా, అన్నియు మగవిగనే యెదుగును. గుంపులో అన్నింటికంటె పెద్దది ఆడదగును. అది గతించినచో దాని భర్త ఆ పదవి నలంకరించును. ఇది విని మా యావిడ చేపలకు తానే మేత వేయ నారంభించినది.

కథ సుఖాంతమగునని యుండగా నా మూర్ఖత్వ మొకటి బయటపడెను. తొట్టెనీరు దినమునకు వ్రేలెడు తగ్గుచుండ నేను మరల ఉప్పునీరే పోయుచుంటిని. నీరు ఆవిరియగును, ఉప్పు కాదు. శ్రీకాకుళము జిల్లా నౌపడ కొఠార్లలో ఉప్పు పండించు కూలివానికి పుట్టుకతో తెలిసిన ఈ ధర్మము నాకు తెలియక, గొట్టములో చూతును గదా, అంకె 38! వారమురోజులు చెంబుచెంబుగా మంచినీరు కలిపి దించితిని.

దించి ఊపిరి పీల్చుకొన్నంతలో అక్టోబరు 12, ఆదివారము, హుద్‌హుద్ తుపాను వచ్చెను. కుజుడు ఉంగరమునకు బదులు తీర్చుకొనెనని మా అత్తగారి యభిప్రాయము. గంటకు 180 కిలోమీటర్ల గాలిలో కైలాసగిరి చెట్లు వ్రాలెను, స్తంభములు వంగెను, కరెంటు పోయెను. మా వీధికి అది వారమునకు గాని మరల రాలేదు. నీరు కదలనిదే చేపకు ప్రాణవాయువు లేదు. అంతకుమించి, అంత శ్రమపడి పిలిచితెచ్చుకొన్న సూక్ష్మజీవులకును లేదు. కొవ్వొత్తి వెలుగున నేను, మా యావిడ, మా అబ్బాయి వంతులు వేసికొని, ఇత్తడిచెంబులో రాగి యుండునని ప్లాస్టిక్ మగ్గుతో నీరు ముంచి జానెడెత్తునుండి పోయుచు, మరల ముంచుచు రాత్రులు గడపితిమి. వెలుపల సముద్రపు తుంపర కొట్టి, మిగిలిన చెట్ల ఆకులు నిప్పు తగిలినట్లు మాడియుండెను; నేను కొనితెచ్చి కరగించిన ఉప్పును బంగాళాఖాతము ఊరంతటికిని ఉచితముగ పంచిపోయెను. మూడవ రాత్రి రెండుగంటల వేళ మగ్గు మా యావిడ చేతనుండెను. "పెద్దది బాగానే ఉందండీ, చిన్నదే కాస్త నీరసంగా ఉంది" అని ఆమె గుసగుసలాడినది. నాటినుండి ఆ తొట్టెను ‘మీ తొట్టె’ యనుట ఆమె మానినది.

రెండు చేపలును బ్రదికినవి. నీరు నిలుకడగ నున్నది, ఉప్పు 35. మా యింటికి విచ్చేయు బంధుమిత్రులకు నా మనవి: పండ్లు తెండు, పూలు తెండు, వట్టిచేతులతో వచ్చినను సంతోషమే, రాళ్ళు మాత్రము తేవలదు.