ఏ గొంతు కావాలి?

చనిపోయిన గాయకులకు ఈమధ్య చేతినిండా పని. 1974లో కన్నుమూసిన ఘంటసాల చేత ఏఐతో మొన్నటి సినిమా పాట పాడించి వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపుతున్నారు. కింద ఒకటే మెచ్చుకోలు: అచ్చం ఆయనే! అసలు పాట పాడిన కుర్రాడి ఊసు ఎవరికీ పట్టదు.

కచేరీల్లో పాడే కుర్రాళ్లూ తక్కువ తినలేదు. కావేరిపాక్కంలోనో గుడియాత్తంలోనో పెళ్లికి పాట కచేరి మాట్లాడుకోబోతే మొదట దొరికే భరోసా ఇదే. తమిళులకు టి.ఎం. సౌందరరాజన్, తెలుగువాళ్లకు ఘంటసాల, కుర్రకారుకు సిద్ శ్రీరామ్, అందరూ ఒక్క మనిషిలోనే! భోజనాల వేళకి ముగ్గురూ వచ్చి వెళ్తారు. పాడుతున్నవాడు మాత్రం రాడు. ఇడ్లీ, నూడుల్స్, పిజ్జా ఒకే బోర్డు మీద రాసిన హైవే హోటల్లో ఏం తినగలమో తెలిసినవాళ్లే దీనికి ఈలలు వేస్తారు. టీవీ పోటీల్లోనైతే ఈ వారం మెలోడీ, పై వారం జానపదం, ఆపై ఖవ్వాలీ. ‘వేరియేషన్ చూపించమ్మా’ అని పదేళ్ల పిల్లను సతాయించడమే జడ్జీల పని. ఆ పిల్ల గొంతు ఎలాంటిదో తేలకముందే అరువు గొంతులు తగిలించేస్తారు. వాటి కోసం ఇక పిల్లలెందుకు? ల్యాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి, దానికి భోజనం కూడా పెట్టక్కర్లేదు.

ఆ పెళ్లి కచేరీలు వేలూరు చుట్టుపక్కలే జరగడం మరీ చిరాకు. 1945లో గాయని వాణీ జయరాం పుట్టింది అక్కడే. ఎన్ని భాషల్లో పాడారని! ఆవిడకు వచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు ‘శంకరాభరణం’, ‘స్వాతికిరణం’ తెచ్చినవే. ‘స్వాతికిరణం’లో తెర మీద పెదవులు కదిపింది మాస్టర్ మంజునాథ్ అనే పిల్లాడు, పాడింది నలభై దాటిన ఆవిడ. పిల్లాడే పాడాడని జనం నమ్మారు, ఆవిడేనని మొదటి ఆలాపనకే పోల్చుకున్నారు కూడా.

గాయకుడు ఎస్పీ బాలూ అంతే. ఎన్టీఆర్‌కు ఒకలా, ఏఎన్నార్‌కు ఒకలా, అల్లు రామలింగయ్యకు ఇంకోలా పాడేవారు. ఆ వేషాల వెనక ఉన్నదెవరో కళ్లు మూసుకున్నా తెలిసేది.

ఆయన్నీ వదల్లేదు. 2020లో పోయిన మనిషి గొంతును ‘కీడా కోలా’ సినిమాలో ఏఐతో పుట్టించారని, కుటుంబాన్ని అడగలేదని కొడుకు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. సిగ్గుండాలి! బతికున్నవాళ్లను గొంతు మార్చమని పీడించి, పోయినవాళ్ల గొంతు మాత్రం పొల్లుపోకుండా కావాలంటారు. ‘లాల్ సలాం’ సినిమా కోసం, చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతుల్ని వాడిన సంగీత దర్శకుడు రహమాన్ వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బూ ఇచ్చారు. కాబట్టి తప్పులేదట. వచ్చిన పాటల్లో ఏది పాడాలో, ఏది వద్దనాలో చెప్పాల్సిన మనిషి ఏడి?